కార్బన్ కాగితం మీద సంతకం: వరి రైతు, కౌలు రైతు చూసుకోవాల్సిన షరతులు

మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టకుండా మధ్యమధ్యలో ఆరబెడితే డబ్బులిస్తామంటూ ఊళ్లోకి వచ్చే మనిషి దగ్గర మామూలుగా మూడుంటాయి. బెజ్జాలు పెట్టిన పీవీసీ గొట్టం ముక్క ఒకటి, ఫోన్‌లో యాప్ ఒకటి, పది పదిహేను పేజీల ఇంగ్లిష్ ఒప్పందం ఒకటి. గొట్టం గురించి అరగంట చెబుతారు. కాగితం దగ్గరికి వచ్చేసరికి "ఇక్కడ, ఇక్కడ, చివర్లో ఇంకొకటి" అని వేలితో చూపిస్తారు. గొట్టం సంగతి రైతుకు చెప్పక్కర్లేదు, ఒకసారి చూస్తే చాలు. అడుగు పొడవు గొట్టాన్ని సగం పైగా నేలలో దింపి, లోపల నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడు మళ్లీ తడి ఇవ్వడం, పూత దశలో మాత్రం ఆరనివ్వకుండా చూసుకోవడం, అంతే. ఆరబెట్టడం వల్ల తగ్గే మీథేన్ వాయువును సంస్థ కార్బన్ క్రెడిట్లుగా (టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానంగా తగ్గితే ఒక క్రెడిట్) అమ్ముకుంటుంది. దానికోసం రాయించుకునే ఆ కాగితం గురించే ఈ పోస్టు.

ముందు డబ్బు సంగతి తేల్చుకుంటే మిగతా షరతులను ఏ కంటితో చదవాలో తెలుస్తుంది. వాతావరణ మార్పులపై అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన లెక్కల ప్రకారం, దక్షిణాసియాలో నీళ్లు నిలిచి ఉండే వరి పొలం నుంచి హెక్టారుకు రోజుకు సగటున 0.85 కిలోల మీథేన్ వెలువడుతుంది. పంట కాలం 112 రోజులనుకుంటే 95 కిలోలు. పలుమార్లు ఆరబెడితే ఇందులో 55 శాతమే వస్తుంది, అంటే 43 కిలోలు తగ్గినట్టు. మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చడానికి 28తో హెచ్చవేస్తే 1.2 టన్నులు. ఎకరానికి చూస్తే పంటకు 0.49 టన్ను, అంటే అర క్రెడిట్. పశువుల ఎరువు, గడ్డి దున్నిన పొలాల్లో ఇది పెరుగుతుంది. ఆరబెట్టినప్పుడు పెరిగే నైట్రస్ ఆక్సైడ్ (ఇదీ భూమిని వేడెక్కించే వాయువే) మళ్లీ కొంత తగ్గిస్తుంది. ఎకరానికి పంటకు నాలుగైదు క్రెడిట్లు వస్తాయని ఎవరైనా చెబితే ఆ లెక్క కాగితం మీద పెట్టించండి. పెట్టరు.

ఉదాహరణకు క్రెడిట్ ధర 1,000 రూపాయలనుకుందాం. ఎకరాకు 490. "ఆదాయంలో 70 శాతం రైతుకు" అని రాస్తే 343 రూపాయలు. "నికర ఆదాయంలో 70 శాతం" అని రాసి, క్రెడిట్‌కు 300 ఖర్చు చూపిస్తే 240. ఒక్క మాట తేడా, వంద రూపాయలు. ఆడిటరు ఫీజు, రిజిస్ట్రీ (క్రెడిట్లను నమోదు చేసి జారీ చేసే చోటు) రుసుము, యాప్ నిర్వహణ, ప్రతినిధుల జీతాలు అన్నీ "నికర" అనే మాటలోకి దూరతాయి. కాబట్టి వాటా మొత్తం అమ్మకం మీద ఉండాలి. అది కుదరదంటే కోసుకునే ఖర్చుల జాబితా, క్రెడిట్‌కు ఇంత దాటకూడదన్న పరిమితి, అమ్మిన రసీదు చూసే హక్కు, ఈ మూడూ ఉండాలి. మనకు వ్యవసాయ కరెంటు ఉచితం గనక నీళ్లు ఆదా చేసినందుకు బోరు రైతు చేతిలో మిగిలే రొక్కం తక్కువ. ఆ 240 నుంచి 343 మధ్య ఎక్కడ తేలుతుందన్నదే ఇక్కడ బేరం.

ఇంత చిన్న మొత్తానికి ఎంత పెద్ద బాధ్యత నెత్తికెత్తుకుంటున్నాం అన్నదే అసలు ప్రశ్న. గాలిలోకి పోయే మీథేన్ తగ్గితే లాభం లోకానిది. ఆ లాభం యార్డులో తూకానికి రాదు. దాన్ని అమ్మకపు సరుకుగా మార్చేది ఈ ఒప్పందమే. మన దేశంలో పొలం మీది "కార్బన్ హక్కు" ఎవరిదో చెప్పే చట్టం లేదు. ఇంధన సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, దాని కింద 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నిబంధనలు, 2024 జనవరిలో వ్యవసాయంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు కేంద్ర వ్యవసాయ శాఖ మార్గదర్శకాలు వచ్చాయి. ఇవేవీ సంస్థకు, రైతుకు మధ్య కాగితంలో రైతు వైపు నిలబడేవి కావు. 2020లో తెచ్చి 2021లో రద్దు చేసిన ఒప్పంద సేద్యం చట్టంలో, ఒప్పందం పేరుతో రైతు భూమిని అమ్మించుకోవడం, కౌలుకు తీసుకోవడం, తాకట్టు పెట్టించుకోవడం కుదరదని స్పష్టంగా ఉండేది. ఆ చట్టంతోపాటు ఆ ఒక్క మంచి సెక్షనూ పోయింది. ఇప్పుడు దిక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టమే.

ఒక బలం మాత్రం రైతు చేతిలో ఉంది. వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి రిజిస్ట్రీలు ప్రాజెక్టును నమోదు చేయాలంటే, తగ్గిన ఉద్గారాల మీద తనకు హక్కుందని సంస్థ రుజువు చూపాలి. ఆ రుజువు మీ సంతకమే. అది లేకుండా వాళ్ల ప్రాజెక్టు ముందుకు కదలదు.

సంతకం ఎవరిది

ఎక్కువ ఒప్పందాలు చెడేది ఇక్కడే. నమూనా పత్రంలో "భూ యజమాని" అని ఒకే గడి ఉంటుంది. డెల్టాలో గొట్టం పాతేది కౌలు రైతు, పట్టా విజయవాడలోనో హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మనిషి పేరు మీద ఉంటుంది. ప్రాజెక్టు లెక్క ఏడేళ్ల చొప్పునో పదేళ్లకో వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంటసాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలు, దానికీ యజమాని సంతకం కావాలి. తెలంగాణలో 2011 నాటి చట్టం పుస్తకంలో ఉన్నా కార్డుల జారీ దాదాపు ఆగిపోయింది. మిగిలిన కౌళ్లు నోటి మాట మీద నడిచేవే. పదేళ్ల బాధ్యతకు 11 నెలల హక్కున్న మనిషి సంతకం చేస్తే, వచ్చే ఏడు యజమాని పొలాన్ని ఇంకొకరికి ఇచ్చిన రోజున ఒప్పందం ఉల్లంఘించినవాడు కౌలు రైతే అవుతాడు.

యజమానిని అడిగితే ఆయనకు వేరే భయం. పదేళ్ల కాగితంలో కౌలుదారు పేరు కనిపిస్తే రేపు కౌలు హక్కు అడుగుతాడేమోనని. ఏడాది దాటిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్టరు చేయాలి. చేయకపోతే అందులోని షరతులకు రుజువుగా ఆ కాగితాన్ని కోర్టు తీసుకోదు. అందుకే ఒప్పందాన్ని లీజులా కనిపించనివ్వకపోవడం ఇద్దరికీ మంచిది. పనిచేసే పద్ధతి ఒకటుంది: బాధ్యతను సీజన్ వారీగా, సాగులో ఉన్న మనిషి మీద పెట్టడం. "ఈ ఒప్పందం భూమిపై కౌలు, స్వాధీనం, తాకట్టు తదితర ఏ హక్కునూ కల్పించదు. రైతు సాగు మానిన సీజన్ నుంచి అతని బాధ్యత ముగుస్తుంది" అని రెండు వాక్యాలు చాలు. యజమాని దగ్గర వేరే ఒక పేజీ నిరభ్యంతర పత్రం తీసుకుంటే సరి. ఆంధ్రలో ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) ఎవరి పేరున ఉందో ఆ పేరే ఒప్పందంలోనూ ఉండేలా చూడండి. డబ్బు జమయ్యేటప్పుడు వచ్చే పేచీల్లో సగం అక్కడే తగ్గుతాయి.

పట్టా ఇంకా తాత పేరునే ఉండి ముగ్గురు అన్నదమ్ములు పంచుకుని సాగు చేస్తుంటే, ఒక్కరి సంతకం మిగతా ఇద్దరి చెక్కలకు చెల్లదు. సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం రాసేసి ఒకరి చేత సంతకం పెట్టించుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఏజెన్సీ ప్రాంతాల సంగతి పూర్తిగా వేరు. 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ (మనం 1/70 అని పిలిచేది) "బదలాయింపు" అనే మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలమైనది. అమ్మకం, లీజు, తాకట్టే కాదు, స్థిరాస్తితో చేసే ఇతర లావాదేవీలు, వాటికి సంబంధించిన కాంట్రాక్టు కూడా అందులో వస్తాయి. గిరిజనేతర సంస్థకు భూమిపైన ఏ హక్కు రాసిచ్చినా అది చెల్లదు. అసైన్డ్ భూములకు 1977 చట్టంలోనూ ఇలాంటి నిర్వచనమే ఉంది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసత్వంగా వస్తుంది తప్ప బదలాయించడానికి లేదు. కాఫీ, జీడిమామిడి తోటల మీద కార్బన్ ఒప్పందాలు రాసేవాళ్లు చెట్లకు సంబంధించి "భూమిపై ప్రవేశ హక్కు, ఛార్జి (బాకీకి భూమిని పూచీగా చూపడం)" లాంటి మాటలు పెడితే మొత్తం కాగితమే ఎగిరిపోవచ్చు. నష్టం సంస్థకే కదా అనుకోవద్దు. అప్పటికే ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే షరతు అందులోనే ఇంకో పేజీలో ఉంటుంది.

ఏం రాసిస్తున్నాం

ఇలాంటి వాక్యం ఒకటి దాదాపు ప్రతి నమూనాలోనూ కనిపిస్తుంది: "రైతు తన భూమిపై ప్రస్తుతం ఉన్న, ఇకపై ఏర్పడబోయే సమస్త పర్యావరణ ప్రయోజనాలను తిరుగులేని విధంగా కంపెనీకి బదలాయిస్తున్నాడు." సమస్త అంటే మీథేన్ ఒక్కటే కాదు. రేపు నేలలో పెరిగే కర్బనం, గట్టు మీద పెట్టిన టేకు, ప్రభుత్వం ఎప్పుడైనా ఇవ్వబోయే నీటి ఆదా ప్రోత్సాహకం, అన్నీ. ఇదే పొలం ప్రకృతి సాగు పథకంలో ఉంటే ఒకే ఫలితాన్ని ఇద్దరు లెక్కలో చూపుకుంటున్నారన్న అభ్యంతరమూ వస్తుంది.

దాని బదులు ఇలా ఉండాలి: "ఫలానా సర్వే నంబరులోని ఇన్ని ఎకరాల్లో, ఫలానా సీజన్లలో, ఆరుతడి పద్ధతి వల్ల తగ్గిన మీథేన్‌కు జారీ అయ్యే క్రెడిట్లను మాత్రమే, వాటికి డబ్బు ముట్టిన మేరకు, రైతు బదలాయిస్తున్నాడు."

చివరి ముక్కను, "డబ్బు ముట్టిన మేరకు" అన్నదాన్ని, వదలొద్దు. క్రెడిట్లు జమయ్యేది రిజిస్ట్రీలో సంస్థ ఖాతాలోకి. రైతుకు అక్కడ ఖాతా ఉండదు. సంస్థ దివాలా తీస్తే, పూర్తిగా రాసిచ్చేసిన క్రెడిట్లు దాని ఆస్తుల్లో కలిసిపోతాయి. బకాయి రావాల్సిన రైతు పూచీ లేని అప్పులవాళ్ల వరసలో చివర నిలబడాలి. అదే ఆ క్రెడిట్లను రైతుల తరఫున ట్రస్టుగా ఉంచుకున్నట్టు రాసి ఉంటే, 2016 దివాలా కోడ్ ప్రకారం ఇతరుల సొత్తుగా సంస్థ దగ్గరున్నవి ఆ ఆస్తుల లెక్కలోకి రావని వాదించే వీలుంటుంది. స్టార్టప్‌లు పుట్టి పోయే ఈ రంగంలో ఇది పుస్తకాల ముచ్చట కాదు.

క్రెడిట్లు అసలు జారీ కాకపోయే ప్రమాదమూ ఉంది. వరి మీథేన్‌కు అప్పటిదాకా వాడుతున్న లెక్కింపు పద్ధతిని వెర్రా 2023లో పక్కన పెట్టింది. 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. వరికి కొత్త పద్ధతిని 2025లో విడుదల చేసింది. ఇలాంటి మార్పు మధ్యలో వస్తే రైతు చేసిన పనికి ఎంత ఇస్తారు? ఒప్పందం ఊరుకుంటే సున్నా. అందుకే ఫలితంతో నిమిత్తం లేకుండా గొట్టం పెట్టి ఫొటోలు పంపిన ప్రతి ఎకరాకు కనీస మొత్తం, అదీ కోతకు ముందే, అడగాలి. నమోదు, తనిఖీ, జారీ అయ్యేసరికి మొదటి చెల్లింపు రెండేళ్లకు పోయినా ఆశ్చర్యం లేదు. అప్పటికి రైతులు విసిగి మళ్లీ నీళ్లు నిలబెడతారు. కనీస మొత్తం ఇవ్వడం సంస్థకు కూడా లాభమని గట్టిగానే చెప్పొచ్చు.

తప్పితే ఏమవుతుంది

చెట్ల ప్రాజెక్టుల కోసం రాసిన ఒప్పందాన్ని పేర్లు మార్చి వరికి వాడేస్తున్న కాగితాలను వెంటనే పట్టుకోవచ్చు. అందులో "నిల్వ వెనక్కి పోతే క్రెడిట్లు తిరిగి చెల్లించాలి" అనే షరతు ఉంటుంది. చెట్టు నరికితే దాచిన కర్బనం మళ్లీ గాలిలో కలుస్తుంది, నిజమే. వరిలో ఈ ఏడు వెలువడకుండా ఆగిన మీథేన్ వచ్చే ఏడు మడి నిండా నీళ్లు పెట్టినంత మాత్రాన వెనక్కి పుట్టదు. వరి ఒప్పందంలో ఆ షరతుకు చోటే లేదు, కొట్టేయించండి.

రెండోది నీటి మీద పెత్తనం. బోరు కింద రైతు మోటారు ఆపితే మడి ఆరుతుంది. కాలువ చివర, పై మడి నుంచి కింది మడికి నీళ్లు పారే చోట, పక్కవాడు గండి కొడితే మీ మడి నిండుతుంది. గొట్టం ఫొటోలో నీళ్లు కనిపిస్తాయి, యాప్ "ఉల్లంఘన" అని ఎర్రగీత వేస్తుంది. వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టినా అంతే. కాబట్టి "నీటి నియంత్రణ రైతు చేతిలో ఉన్నంత మేరకు" అన్న మాట, తుపాను, ముంపు, కాలువ వంతులు మారడం లాంటివి మినహాయింపులుగా విడివిడిగా రాసి ఉండాలి. "దైవాధీన ఘటనలు" అని ఒక్క ముక్క రాస్తే పక్కవాడి గండి అందులోకి రాదు.

జరిమానా అంకె ఎంత భయపెట్టేలా ఉన్నా కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ గుర్తుంచుకోండి. ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే, ఆ పరిమితికి లోబడి. ఎకరాకు 300 ఇచ్చి 20,000 జరిమానా రాసుకున్న సంస్థకు మొత్తం రాబట్టుకోవడం తేలిక కాదు. అయినా కోర్టు దాకా పోవడం కంటే "ఆ సీజన్ చెల్లింపు రాదు, అంతకు మించి ఏమీ లేదు" అని ముందే రాయించుకోవడం చవక.

పొలం అమ్మితే? ఫలానా పని చేయాలన్న బాధ్యత కొన్నవాడిని తనంతట తాను అంటుకోదు. ఆస్తి బదలాయింపు చట్టం 40వ సెక్షన్ ప్రధానంగా చూసేది భూమి వాడకంపై ఉన్న ఆంక్షలను, అదీ కొన్నవాడికి ముందే తెలిసి ఉంటే. సంస్థల లాయర్లకు ఇది బాగా తెలుసు. అందుకే "కొనుగోలుదారును ఒప్పందంలో చేర్పించే బాధ్యత రైతుదే, లేకుంటే పరిహారం" అని పెడతారు. ఆడపిల్ల పెళ్లికి అరెకరం అమ్మేటప్పుడు మెడకు చుట్టుకునేది ఇదే. దీన్ని "అమ్మకం గురించి 30 రోజుల్లో తెలియజేస్తే చాలు" అని మార్పించాలి. రైతు చనిపోతే, కాంట్రాక్టు చట్టం 37వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం కనిపించకపోతే బాధ్యత వారసులకు వెళ్తుంది. ఆ వేరే ఉద్దేశాన్ని ఒక వాక్యంలో రాస్తే సరిపోతుంది.

ఈ విషయంలో యూరప్ నుంచి తెచ్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ పర్యావరణ సాగుకు ప్రభుత్వాలే రైతులతో మామూలుగా ఐదు నుంచి ఏడేళ్ల ఒప్పందాలు చేసుకుంటాయి. చెల్లింపు కార్బన్ ధర మీద కాకుండా రైతుకు అయిన అదనపు ఖర్చు, కోల్పోయిన ఆదాయం మీద కడతారు. ఆ ఒప్పందాల్లో సవరణ షరతు తప్పనిసరి. చట్టం అడిగే కనీస ప్రమాణాలు మధ్యలో మారితే ఒప్పందాన్ని సర్దాలి, సర్దుబాటు రైతుకు నచ్చకపోతే ఒప్పందం ముగుస్తుంది, అప్పటిదాకా తీసుకున్నది తిరిగి కట్టనక్కర్లేదు. మన దగ్గర కంపెనీ నమూనాల్లో తప్పుకునే హక్కు ఒకవైపే ఉంటుంది: సంస్థ 30 రోజుల నోటీసుతో పోవచ్చు, రైతు పోకూడదు. రెండు వైపులా ఒకే గడువు అడగండి. పంట మధ్యలో కాకుండా సీజన్ చివర తప్పుకుంటామంటే వాళ్లకూ అభ్యంతరం ఉండకూడదు.

గొడవ వస్తే

మధ్యవర్తిని సంస్థే నియమిస్తుందని, విచారణ బెంగళూరులోనో ఢిల్లీలోనో జరుగుతుందని రాస్తారు. వివాదంలో స్వార్థం ఉన్న పక్షం ఒంటరిగా ఏకైక మధ్యవర్తిని నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. వేదిక మాత్రం ఒప్పుకున్నదే ఉంటుంది. 300 రూపాయల కోసం రైలెక్కలేరు గనక మీ జిల్లా కేంద్రమే రాయించాలి. "30 రోజుల్లో అడగకపోతే హక్కు పోతుంది" అన్న షరతు కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ముందు నిలవదు. ఒప్పందం ప్రకారం రావాల్సిన డబ్బుకు దావా వేయడానికి చట్టం మూడేళ్లు ఇచ్చింది.

నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, విత్తన సాగు ఒప్పందంలో మధ్యవర్తిత్వం ఉన్నా రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన రైతులదే. కార్బన్ ఒప్పందంలో రైతు సొమ్ము చెల్లించి సేవ కొన్నాడా అన్న వాదన తప్పక వస్తుంది. వాటాలోంచి ఖర్చులు కోసుకున్న పట్టీ ఉంటే ఆ వాదనకు జవాబు అదే, జాగ్రత్తగా దాచుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. సంతకం చేయకముందు కాగితం చదివించుకోవడానికి కూడా అక్కడికి వెళ్లొచ్చు, ఎవరూ వెళ్లరు.

తెలుగు ప్రతి ఇస్తారు గానీ చివర్లో "తేడా వస్తే ఇంగ్లిష్ ప్రతే చెల్లుతుంది" అని ఉంటుంది. దాన్ని తిరగరాయించండి. ఒక్కొక్కరుగా అడిగితే "ఇది హెడాఫీసు ఫార్మాట్" అంటారు. రైతు ఉత్పత్తిదారుల సంస్థ ద్వారా రెండు మూడు వందల ఎకరాలు కలిపి అడిగితే ఫార్మాట్ మారుతుంది. సంఘం సంతకం చేసేముందు సర్వసభ్య తీర్మానం, డబ్బు సంఘం ఖాతాలో ఎన్ని రోజులకు మించి ఆగకూడదన్న గడువు రెండూ ఉండాలి. లేకపోతే కంపెనీతో పడాల్సిన పేచీ సంఘం అధ్యక్షుడితో పడుతుంది.

ఇక యాప్. ఆధార్, బ్యాంకు వివరాలు, పొలం హద్దులు, ఫొటోలు అన్నీ అందులోకి వెళ్తాయి. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం, ఆ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. అంతకంటే ముఖ్యమైన చిక్కు ఇంకోటుంది. కాగితం మీద "షరతులను సంస్థ ఎప్పటికప్పుడు మార్చవచ్చు, యాప్‌లో తెలియజేస్తుంది" అని ఉంటే, కొత్త షరతులు అప్‌డేట్‌లో వస్తాయి, కింద "అంగీకరిస్తున్నాను" బొత్తం ఉంటుంది. ఎలక్ట్రానిక్‌గా కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. ఆ మార్పు షరతును కాగితం మీదే కొట్టేయించి పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాలి. ఫీల్డు కుర్రాడు ఫోన్ తీసుకుని "ఓటీపీ చెప్పండి" అన్నప్పుడు అది దేనికో స్క్రీన్ మీద చదివాకే చెప్పాలి.